డబ్బాలో మిగిలిన గోళీలు

(పాల ఉత్పత్తిదారుల ప్రాథమిక సహకార సంఘాల పాలకవర్గ సభ్యులకు, మహిళా సభ్యులకు ఏర్పాటైన శిక్షణ తరగతులలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు ఇచ్చిన విషయం ‘రికార్డుల నిర్వహణ’. రికార్డుల గురించే మాట్లాడుతాము. అయితే సంఘం రికార్డు కాదు, ఇంటి రికార్డు. ఈ ఆలోచన ఎందుకు వచ్చినదో ముందుగా మనవి చేస్తాము.

తనిఖీకి పోయినప్పుడు సభ్యుల అడ్వాన్సుల రిజిస్టరు తప్పక చూస్తాము. అందులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ గడిలో దాణాకు, గడ్డికి, బోరు మరమ్మతుకు, బిడ్డ పెండ్లికి అని రాసి ఉండేది. ఈ మధ్య ‘మందులకు’ అనే మాట పేజీ వెంట పేజీలో కనబడుతున్నది. ఒక సంఘంలో ఒక సభ్యురాలు ఈనబోయే బర్రెను అమ్ముకున్నది. ఎందుకు అమ్మినావమ్మా అని అడిగితే, “అత్తకు గోళీలు కొనాలె సార్” అన్నది. ఆరోగ్యశ్రీ కార్డు లేదా అన్నాము. “ఉన్నది సార్. దవాఖానల పండుకుంటె కార్డు నడుస్తది. ఇంట్ల కూసుంటె నడువది” అన్నది.

ముప్పై ఏండ్లుగా ఉత్తర్వులు, బైలాలు చదివి బతుకుతున్నవారము. ఇంత సూటిగా చెప్పిన మాట ఏ ఉత్తర్వులోను మాకు కనబడలేదు. ఆ సోదరి ఒక్క ముక్కలో చెప్పినది తెలుసుకోవడానికి మాకు మా తల్లి జబ్బు కావలసి వచ్చినది. ఆ సంగతి దాచకుండా మీ ముందు పెడతాము.

మా ఇంటి సంగతి

మా అమ్మకు ఇప్పుడు 78 దాటినవి. 1980 తరువాతి తొలి సంవత్సరాలలో మా ఊరిలో పాల సంఘం పెట్టినప్పుడు సభ్యత్వం మా నాయన పేరున తీసుకున్నారు. గడ్డి కోసినది, పాలు పిండినది, రెండు పూటలా క్యాను మోసినది మాత్రం అమ్మ. మా హైస్కూలు ఫీజు, ఆ తరువాత సహకార డిప్లొమా చదువు ఆ పాల చీటీల మీదనే నడిచినవి. ఉద్యోగం వచ్చి మేము జిల్లా కేంద్రంలో స్థిరపడినాము. బర్రెలను విడిచి రానని అమ్మ ఊరిలో మా తమ్ముని దగ్గరనే ఉండిపోయినది.

2022 వానాకాలంలో అమ్మకు కాళ్ళు వాచినవి. రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చునేది. పట్నం తెచ్చి పెద్ద దవాఖానలో చేర్చినాము. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరినదని చెప్పినారు. తొమ్మిది రోజులు ఉంచినారు. మా ఉద్యోగుల ఆరోగ్య కార్డులో మా మీద ఆధారపడిన తల్లిదండ్రులు కూడా ఉంటారు గనుక ఆ బిల్లు మా దాకా రాలేదు. చాలా సంతోషించినాము. ఇంటికి పంపేనాడు ఏడు రకాల మందులు రాసిన చీటీ, కొన్ని రోజులకు సరిపడే గోళీలు ఇచ్చినారు. అవి అయిపోయినాక మందుల దుకాణానికి పోతే నెలకు మూడు వేల రెండు వందలు అయినవి.

నెల జీతం వచ్చేవారము గనుక కొన్నాము. ప్రతి నెల మొదటి ఆదివారం సంచిలో మందులు పట్టుకొని ఊరికి పోయి, అమ్మ చేతిలో పెట్టి, చాయ తాగి తిరిగి వచ్చేవారము. బాధ్యత తీరినదనుకున్నాము.

నాలుగు నెలలు తిరగకముందే ఒక అర్ధరాత్రి తమ్ముడు ఫోను చేసినాడు. అమ్మకు మళ్ళీ ఊపిరి ఆడటం లేదు. దగ్గరలో ఉన్న దవాఖానకు తీసుకొని పోయినారు. అది మా కార్డు చెల్లే జాబితాలో లేదు. డబ్బు కట్టి చేర్చినాము. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, “గోళీలు సరిగా వేసుకుంటున్నదా?” అని. “అన్నీ కొనిస్తున్నామమ్మా” అన్నాము. ఆమె మా వంక చూసి, “కొన్నారా అని అడగలేదు సార్. వేసుకున్నదా అని అడిగినాను” అన్నారు.

సోదరులారా, సరిగా ఇదే ప్రశ్నను మేము కార్యదర్శులను ఎన్నిసార్లు అడిగి ఉంటామో! దాణా కొన్నట్టు ఓచరు ఉన్నది సరే, సభ్యులకు ముట్టినట్టు సంతకాలు ఏవి అని. మా ఇంట్లో మా దగ్గర ఓచర్లు మాత్రమే ఉన్నవి.

నిల్వ తనిఖీ

అమ్మ కొంచెం కుదుటపడినాక ఊరికి పోయి ఆమె గోళీల డబ్బా దించినాము. పాత బిస్కెట్ల రేకు డబ్బా. చాప మీద బోర్లించి, చీటీ ఒక పక్కన, కొన్న బిల్లులు ఒక పక్కన పెట్టుకొని, ఉండవలసిన నిల్వ ఎంత, ఉన్న నిల్వ ఎంత అని లెక్క వేసినాము. సంఘాలలో మాకు నిల్వ తక్కువ పడుతుంది. ఇక్కడ ఎక్కువ వచ్చినది. ఆనాడు మూడు లోపాలు బయటపడినవి.

మొదటిది, ఒంట్లో నీటిని మూత్రం ద్వారా తీసివేసే గోళీ. ఫ్యూరోసెమైడ్ అంటారు. అది దాదాపు అట్లనే ఉన్నది. అడిగితే, “అది ఏస్తే రాత్రి నాలుగుసార్లు బయటికి పోవాలె బిడ్డా. చీకట్ల పెరట్ల పడితే ఎవలు సూస్తరు?” అన్నది.

రెండవది, అన్నిటికన్న ఖరీదైన గుండె గోళీ. సగానికి విరిచి, మిగిలిన సగాలు కాగితంలో చుట్టి దాచినది. “రెండు బస్తాల దాణా పైసలు నెలనెలా నా నోట్లనే పోస్తున్నవు. నీ పిల్లల సదువులు ఉన్నయి గద. అద్ద గోళీతోని గూడ మంచిగనే ఉంటున్న అనుకున్న” అన్నది.

మూడవది, రక్తపోటు గోళీ. జబ్బుకు ముందు ఊరిలో వాడుతున్న పట్టీ ఒకటి, పెద్ద దవాఖానవారు రాసినది ఒకటి. పేర్లు వేరు, రంగులు వేరు. వెనుక చిన్న అక్షరాలలో రెండింటి మీదా టెల్మిసార్టాన్ అనే ఉన్నది. ఒకే మందును రెండు పేర్లతో ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నది. రెండుసార్లు కండ్లు తిరిగి పడిపోయినది మాకు అప్పుడు తెలిసినది.

మొదట మేము కోపం చేసినాము. అది మా తప్పు. పాలన్నీ సంఘానికి పోసి, అడుగున మిగిలినది పిల్లలకు ఇచ్చి, తాను వట్టి చాయ తాగినది ఆమె. జీవితమంతా అట్ల పొదుపు చేసిన మనిషి గోళీల దగ్గర మారుతుందని మేము ఎట్ల అనుకున్నామో తెలియదు.

మా మరదలు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. అమ్మకు స్నానం చేయించేది, వండిపెట్టేది, రాత్రి లేచేది ఆమెనే. ఆమె అన్నది: “బావా, మీరు సంచి ఇచ్చి పోతరు. ఏ గోళీ దేనికో నాకు ఎవలన్న చెప్పిండ్రా? చీటీ ఇంగ్లీషుల ఉన్నది.” దానికి మా దగ్గర జవాబు లేదు. నెలకు ఒక్కసారి వచ్చే ఇన్‌స్పెక్టరుకు చీటీ తెలుసు, రోజూ సేవ చేసే మనిషికి తెలియదు. ఇట్లాంటి సంఘం లాభంలో నడవదు.

ఒకసారి తగ్గిన గుండె బలం పూర్తిగా తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పినారు. ఆ రెండవ దెబ్బ తరువాత అమ్మ బర్రె కింద కూర్చోలేదు.

కార్డు ఎక్కడ ఆగుతుంది

ఇక మీ అందరికీ పనికివచ్చే సంగతి. ఏ కార్డు ఎంతవరకు నడుస్తుందో జబ్బు రాకముందే తెలిసి ఉండవలె.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మూడు జిల్లాలలో మొదలై తరువాత అన్ని జిల్లాలకు వచ్చినది. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పెంచినారు. ఇది నిర్ణయించిన చికిత్సలకు, దవాఖానలో చేరినవారికి వర్తించే పథకం. చికిత్స ప్యాకేజీలో ఇంటికి పోయిన తరువాత పది రోజుల మందులు కలిసి ఉంటవి. కొన్ని నిర్ణీత చికిత్సలకు మాత్రం ఏడాది దాకా తిరిగి చూపించుకోవడం, మందులు ఉంటవి. మీ రోగికి ఆ వీలు ఉన్నదా లేదా అని ఇంటికి పోయే ముందే దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడగండి. మనకు సిగ్గు ఎక్కువ. డిశ్చార్జి అన్నారంటే సంచి సర్దుకొని బస్సు ఎక్కుతాము.

కేంద్రం 2018 సెప్టెంబరు 23న ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకంలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స. చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికి పోయిన తరువాత పదిహేను రోజుల వరకు పరీక్షలు, మందులు అందులోనివే. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనిని విస్తరించినారు. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే ఆధారు కార్డులో వయస్సు సరిగా ఉన్నదో లేదో చూసుకోండి. ఏ దవాఖానలో చెల్లుతుందో ముందే కనుక్కోండి.

పది రోజులో, పదిహేను రోజులో లెక్క వేసుకోండి. గుండె జబ్బు, చక్కెర జబ్బు, రక్తపోటు పదిహేను రోజుల జబ్బులు కావు. పదహారవ రోజు నుంచి బతికి ఉన్నంత కాలం గోళీ వేసుకోవలె. ఆ గోళీ మానితేనే మనిషి మళ్ళీ దవాఖానలో చేరేది. అప్పుడు కార్డు మళ్ళీ నడుస్తుంది. గట్టు తెగినాక మట్టి పోయడానికి డబ్బు ఉన్నది, నెర్రె పూడ్చడానికి మాత్రం మన చేతి పైసలే.

ఉద్యోగులము గనుక మాకు వేరే దారి ఉంటుందని మీరు అనుకోవచ్చు. 2016లో హైదరాబాదు ఖైరతాబాదులో, తరువాత మరికొన్ని పట్టణాలలో ఉద్యోగుల కోసం వెల్‌నెస్ కేంద్రాలు పెట్టి మందులు ఇచ్చినారు. మా ఊరి నుంచి అటువంటి చోటికి రెండు బస్సులు మారవలె. ఊపిరి ఆడని మనిషికి అది చిన్న ప్రయాణం కాదు. ఇక రెండవసారి కట్టిన బిల్లు 1972 నాటి వైద్య సహాయ నియమాల కింద తిరిగి రాబట్టుకోవడానికి దరఖాస్తు పెట్టినాము. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, డిశ్చార్జి పత్రం, ప్రతి బిల్లు మీద దవాఖాన ముద్ర, సంతకం కావలె. ఆరు నెలల లోపల దాఖలు చేయవలె. ఒక బిల్లు మీద ముద్ర లేదని మా కాగితాలు తిరిగి వచ్చినవి. ఎన్ని సంఘాల బిల్లులను అదే కారణంతో తిప్పి పంపినామో మాకే గుర్తు వచ్చి నవ్వు, ఏడుపు రెండూ వచ్చినవి. ముద్ర కొరకు మళ్ళీ అరవై మైళ్ళు పోయి వచ్చినాము. కొంత డబ్బు వచ్చినది. నెలనెలా ఇంట్లో వాడే గోళీల బిల్లులకు మాత్రం అందులో చోటు లేదు. అంటే మా కార్డు వేరు, మీ కార్డు వేరు అయినా, కంచెలో సందు ఒక్క చోటనే ఉన్నది.

ఒకే సభ్యునికి రెండు పేర్లు

ఆ సందును ఎట్ల పూడ్చుకోవచ్చునో మేము నేర్చుకున్న మేరకు చెబుతాము.

సంఘంలో ఒకే మనిషి రెండు పేర్లతో సభ్యత్వం తీసుకొని రెండు చోట్ల బోనసు రాయించుకుంటే మేము ఎట్ల పట్టుకుంటాము? పేరు చూడము, తండ్రి పేరు, ఇంటి నంబరు చూస్తాము. మందుకూ అంతే. పట్టీ మీద పెద్ద అక్షరాలలో ఉన్నది కంపెనీ పెట్టుకున్న వ్యాపారపు పేరు. చిన్న అక్షరాలలో ఉన్నది మందు అసలు పేరు. దానినే జనరిక్ పేరు అంటారు. చీటీ తీసుకున్నప్పుడే డాక్టరుగారిని అడిగి ప్రతి మందుకు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎందుకు, ఏ పూట అనేవి తెలుగులో రాయించుకోండి. పాత పట్టీలన్నీ సంచిలో వేసుకొని పోయి చూపండి. పెద్ద డాక్టరు ఒకరు, చిన్న డాక్టరు ఒకరు, ఊరి ఆర్.ఎం.పి. ఒకరు ఇచ్చినవి ఒక్క చోట కలిపి చూసేవారు ఎవరూ ఉండరు. ఆ పని మనదే.

మోకాళ్ళ నొప్పి గోళీలు కూడా ఆ సంచిలో ఉండవలె. డైక్లోఫెనాక్ పేరు మీకు తెలిసినదే. ఆ మందు వేసిన పశువు కళేబరాలు తిని రాబందులు చస్తున్నవని 2006లో పశువులకు దానిని నిషేధించినారు. మనుషులకు అది ఇప్పటికీ ఉన్నది. ఆ జాతి నొప్పి మందులు ఒంట్లో నీటిని నిలుపుతవి, గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాలు చెడినవారికి హాని చేస్తవి. మా అమ్మ ఏడాదిగా అటువంటివి మింగుతున్నదని మేము డాక్టరుకు చెప్పనే లేదు. మాకు తెలియదు గనుక.

డబ్బాతో సహా అన్నీ చూపించినాక మార్పులు ఇట్ల జరిగినవి. రెండు పేర్ల రక్తపోటు గోళీలలో ఒకటి తీసివేసినారు. నొప్పి గోళీలు మాన్పించినారు. నీటి గోళీని ఉదయానికి మార్చినారు. దానితో రాత్రి పెరట్లోకి పోయే బాధ తప్పినది. ఈ ఒక్క మాట మొదటనే అడిగి ఉంటే సరిపోయేది. ఎస్.ఆర్., ఇ.ఆర్. అని పట్టీ మీద ఉన్న గోళీలు మెల్లమెల్లగా కరగడానికి చేసినవి గనుక, డాక్టరును అడగనిదే వాటిని విరవరాదని, నూరరాదని కూడా చెప్పినారు.

ఖర్చు తగ్గే దారులు

మొదటి దారి మీ ఊరి పక్కనే ఉన్నది. చక్కెర జబ్బు, రక్తపోటు, గుండె జబ్బుల నివారణకు 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటుకు, చక్కెరకు గోళీలు ఉచితంగా ఇస్తారు. ఆశా కార్యకర్తను అడిగి పేరు రాయించుకోండి. అన్ని మందులూ అక్కడ దొరకవు. దొరికినవి అక్కడ తీసుకుంటే కొనవలసినవి తగ్గుతవి.

రెండవది జనౌషధి దుకాణం. 2008లో మొదలైన ఈ పథకం కింద జనరిక్ పేరుతో మందులు అమ్ముతారు. 2025 జనవరి నాటికి దేశంలో ఇవి 15 వేలకు చేరినవి. కంపెనీ పేరు మందుల కన్న ధర సగానికి తక్కువ, కొన్నిటికి ఇంకా చాలా తక్కువ. చవక గనుక నీళ్ళ మందు అనుకోవద్దు. పాలను తెల్లదనం చూసి కొనము, వెన్న శాతం చూసి కొంటాము. మందుకు అసలు పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ చూడవలె. అయితే డాక్టరుకు చెప్పి మార్చుకోండి, మారినాక రక్తపోటు, చక్కెర ఒకసారి చూపించుకోండి. మా ఇంట్లో ఈ రెండు దారులూ పట్టినాక మూడు వేల రెండు వందలు పదకొండు వందలకు దిగినవి.

మూడవది ధర తెలిసి కొనడం. అత్యవసర మందులకు గరిష్ఠ ధరను జాతీయ ఔషధ ధరల సంస్థ నిర్ణయిస్తుంది. పట్టీ మీద అచ్చు వేసిన ధరలో పన్ను కలిసే ఉంటుంది. ఆ పైన ఒక్క పైసా ఇవ్వనక్కరలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గినది. అదే రోజున మన నెయ్యి, వెన్నల మీద కూడా అంతే తగ్గినది గనుక ఆ తేదీ మీకు గుర్తుండే ఉంటుంది. బిల్లు అడగండి, దాచండి.

ఇన్సులిన్ వాడేవారికి ఒక మాట. చల్లదనం సంగతి మన పాలవారికి చెప్పనక్కరలేదు. పాలను 4 డిగ్రీలకు దించకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. తెరవని ఇన్సులిన్ సీసాకు 2 నుంచి 8 డిగ్రీలు కావలె. ఫ్రిజ్ లేనివారు తడి ఇసుక పోసిన పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి నీడన ఉంచుకుంటే ఎండ వేడి తగలకుండా కొంత కాపాడుకోవచ్చు. మంచు గడ్డ కట్టే అరలో మాత్రం పెట్టవద్దు. ఒకసారి గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. విరిగిన పాలను మళ్ళీ పాలు చేయలేము గదా.

బర్రెకు ఉన్న శ్రద్ధ

మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట అంటాము. బర్రెకు పొదుగువాపు వస్తే మనం ఏమి చేస్తాము? ఆ సాయంత్రమే పశువైద్యుని పిలుస్తాము. సూదులు ఎన్ని రోజులు అంటే అన్ని రోజులు వేయిస్తాము. మధ్యలో మానితే చన్ను చెడుతుందని తెలుసు. ఏ రోజు ఏ మందు వేసినారో, పాలు ఎన్ని రోజులు పోయరాదో గోడ మీద బొగ్గుతో రాసుకుంటాము. అదే ఇంట్లో తల్లికి ఆయాసం వస్తే పెద్దతనం అంటాము. బర్రె పాలు ఇస్తుంది, తల్లి ఇవ్వడం అయిపోయినది అని ఎవరూ నోటితో అనరు. లెక్క మాత్రం అట్లనే నడుస్తుంది. మమ్మల్ని కూడా కలుపుకొనే అంటున్నాము.

సంఘం చేయగలిగినది

సంఘం డబ్బును మందులకు పంచమని చెప్పడానికి మేము రాలేదు. బైలాలో ఉన్న మేరకు, సర్వసభ్య సమావేశం తీర్మానం లేకుండా ఒక్క రూపాయి ఖర్చు చేసినా మేమే ఆక్షేపణ రాస్తాము. ఖర్చు లేని పనులు మూడు ఉన్నవి.

ఒకటి, పాలబండి రోజూ పట్నం పోతుంది. నెలకు ఒక నిర్ణీత రోజున, మందులు కావలసిన సభ్యుల చీటీలు, డబ్బు తీసుకొని, సంఘం తరఫున చదువు వచ్చిన ఒకరు ఆ బండి మీద పోయి జనౌషధి దుకాణం నుంచి తేవచ్చు. ఎవరి మందులు వారి సంచిలో, బిల్లుతో సహా. ఒక పుస్తకంలో రాసి సంతకం తీసుకోవలె. పూట కూలి విడిచి ఒక్కొక్కరు పోయే బస్సు ఖర్చు మిగులుతుంది.

రెండు, దాణా బస్తాలు తూచే కాటా. గుండె జబ్బుతో నీరు చేరేవారి బరువు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే నీరు మళ్ళీ చేరుతున్నదని గుర్తు. ఆయాసం రాకముందే డాక్టరు దగ్గరికి పోవచ్చు. మా తమ్ముడు అమ్మను ఉదయం పూట సంఘం కాటా మీద నిలబెట్టి బరువు రాస్తున్నాడు. మొదట అమ్మ, “నన్ను దాణా బస్తా చేసిండ్రు” అని నవ్వినది. పోయిన వేసవిలో ఆ కాటానే ముందుగా చెప్పినది. రెండు రోజులలో డాక్టరును కలిసినాము, మందు మార్చినారు, దవాఖానలో చేర్చే పని పడలేదు.

మూడు, పుస్తకం. పాలు పోసినప్పుడు మీకు ఇచ్చే చీటీలో తేదీ, పూట, కొలత, వెన్న శాతం ఉంటవి గదా. అదే పద్ధతిలో ఒక నోటుబుక్కు గీసుకోండి. మందు పేరు, దేనికి, ఉదయం, రాత్రి, వేసుకున్నట్టు గుర్తు. మా మరదలు ఏడవ తరగతి దాకా చదివినది. ఆమె గీసిన పుస్తకాన్ని ఆ డాక్టరమ్మ తిప్పి చూసి, “ఇట్లాంటిది ఒక్కటి ఉంటే నా పని సగం అయిపోతుంది” అన్నారు. చదువు రాని ఇంట్లో ఉదయం గోళీలు ఒక రంగు డబ్బాలో, రాత్రివి ఇంకొక రంగు డబ్బాలో పెట్టినా సరిపోతుంది. సేవ చేసే మనిషికి అర్థం కావడం ముఖ్యం. ఆ మనిషి చాలా ఇండ్లలో కోడలో, బిడ్డనో. మందుల చీటీ ఆమె చేతికి ఇవ్వండి, డాక్టరు ముందు ఆమెను కూర్చోబెట్టండి, ఆమె అడగవలసినవి అడగనివ్వండి.

ఇప్పుడు మా అమ్మ పాలు పిండదు. సాయంత్రం పూట కొట్టం ముందు మంచం వేయించుకొని, దూడను విడిచినారా, కుడితి పెట్టినారా అని అడుగుతూ ఉంటుంది. మొదటి ఆదివారం మేము పోయినప్పుడు ఇదివరకు వలె సంచి చేతిలో పెట్టము. పక్కన కూర్చొని పుస్తకం చూస్తాము, డబ్బా దించి లెక్క పెడతాము. ఆమెకు అది విసుగు. “ఇంకా నమ్మవా బిడ్డా?” అంటుంది. నమ్మకం లేక కాదమ్మా, అలవాటు అంటాము. ఆ నాలుగు నెలలలో ఈ పని ఒక్కసారి చేసి ఉంటే ఎట్ల ఉండేదో అని ఇద్దరమూ అనుకుంటాము, పైకి ఎవరమూ అనము.

మీకు మా విన్నపం ఒక్కటే. తనిఖీకి మేము ఎప్పుడు వస్తామా అని చూడకండి. ఈ సాయంత్రం పాలు పోసి ఇంటికి పోయినాక, మీ పెద్దవారి గోళీల డబ్బా దించండి. ఎన్ని ఉండవలె, ఎన్ని ఉన్నవి లెక్క పెట్టండి. మిగిలినవి ఉంటే కోపం చేయకండి. ఎందుకు మిగిలినవో పక్కన కూర్చొని అడగండి.